బొంగరము నుండి ఉపగ్రహము వరకు

తెనాలి వీధులలో గాని, బాపట్ల చుట్టుప్రక్కల పల్లెలలో గాని, రేపల్లె దరినున్న లంకలలో గాని బొంగరము త్రిప్పుచున్న బాలుని ఎన్నడును చూడనివారు ఉండరు. బాలుడు త్రాడు చుట్టి విసరును. బొంగరము ములుకుపై నిలిచి గిరగిర తిరుగును. తిరుగనప్పుడు అదే బొంగరమును అదే ములుకుపై నిలుపుట ఎంతటి నేర్పరికిని సాధ్యము కాదు. ఆధారము చాలని వస్తువు పడిపోవుట సహజము గదా, మరి తిరుగుచున్నంతసేపు బొంగరము ఏల పడిపోదు?

ఇది పిల్లల ఆటకు సంబంధించిన ప్రశ్నయని తోచవచ్చును. కాని 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లకు దక్షిణమున, అతి సమీపమున తీరము దాటినది. అది ఎటు వచ్చుచున్నదో కొన్ని దినముల ముందుగనే మన గ్రామములకు తెలిసినది. ఆ వార్తను పంపిన ఉపగ్రహము ఆకాశములో తన చూపును చెదరనీయక నిలువగలుగుటకును, బొంగరము ములుకుపై నిలుచుటకును మూలమైన సూత్రము ఒక్కటే. నేడు మన పొలములపై మందు చల్లుచున్న డ్రోను గాలిలో తిన్నగా నిలుచుటకును భ్రమణమును కొలుచు పరికరమే ఆధారము. ఆ పరికరమునకు గైరోస్కోపు అని పేరు. గ్రామము యొక్క క్షేమమును గూర్చి నిర్ణయములు చేయవలసిన పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట మేలని తలంచి, మేము ఈ విషయమును సులభమైన ఉదాహరణములతో వివరింప బూనితిమి.

తిరుగు వస్తువు స్వభావము

కదలుచున్న బండి ఆపనిదే ఆగదు. నిలిచియున్న బండి లాగనిదే కదలదు. ఈ గుణమునే జడత్వమందురు. తిరుగు వస్తువునకును ఇట్టి గుణమే కలదు. కుమ్మరి సారెను చూడుడు. కఱ్ఱతో నాలుగుసార్లు త్రిప్పి వదలినచో, కుండ రూపు దిద్దుకొను వరకు అది తిరుగుచునే యుండును. సారె అంచు బరువుగా నుండుటయే ఇందుకు కారణము.

ఒక వస్తువు భ్రమణమునకు గల బలిమిని శాస్త్రజ్ఞులు కోణీయ ద్రవ్యవేగము అందురు. అది మూడింటిపై ఆధారపడును. మొదటిది వస్తువు యొక్క బరువు. రెండవది ఆ బరువు ఇరుసునుండి ఎంత దూరమున నున్నదనుట. మూడవది తిరుగు వేగము. వీనిలో దూరమునకు ప్రాధాన్యము ఎక్కువ. బరువును ఇరుసునుండి రెండింతల దూరమున నుంచినచో భ్రమణబలిమి నాలుగింతలగును. కనుకనే సారెకు గాని, గైరోస్కోపు చక్రమునకు గాని బరువునంతయు అంచునందే చేర్చెదరు.

భ్రమణబలిమికి పరిమాణమే గాక దిక్కు కూడ కలదు. ఇరుసు ఎటు చూచుచున్నదో అదియే ఆ దిక్కు. వెలుపలి బలమేదియు దానిని మరల్పనంతవరకు ఇరుసు అదే దిక్కును చూచుచుండును. గైరోస్కోపునకు మొదటి సూత్రము ఇదియే.

పడిపోక ప్రక్కకు తిరుగుట

వెలుపలి బలము పనిచేసినచో ఏమగును? దీనిని ఏ గ్రామ పాఠశాలయందైనను సైకిలు చక్రముతో ప్రయోగము చేసి చూపవచ్చును. చక్రమును సైకిలునుండి విప్పి, ఇరుసుయొక్క ఒక కొనకు గట్టి త్రాడు కట్టి, దూలమునుండి వ్రేలాడదీయవలెను. రెండవ కొనను చేతితో పట్టుకొని, ఇరుసును అడ్డముగా నుంచి, చక్రమును బలముగా త్రిప్పి, పట్టు వదలవలెను. తిరుగని చక్రమైనచో వెంటనే క్రిందికి వ్రాలును. తిరుగు చక్రము మాత్రము వ్రాలదు. ఇరుసు అడ్డముగానే యుండి, త్రాడు చుట్టును మెల్లగా ప్రదక్షిణము చేయును. చూచువారికి ఇది ఇంద్రజాలమువలె తోచును.

ఇందు ఇంద్రజాలమేమియు లేదు. చక్రము బరువు దానిని క్రిందికి వ్రాల్చుటకు ప్రయత్నించుచున్నది. వ్రాలుట యనగా అంచు పైభాగము త్రాడునుండి వెలుపలకును, క్రిందిభాగము త్రాటివైపునకును జరుగుట. అంచు పైభాగమునకు వెలుపలి దిక్కున త్రోపు తగులును. కాని ఆ త్రోపు ఫలించునంతలో ఆ భాగము అచ్చట నిలువదు. చక్రముతోపాటు పావు చుట్టు తిరిగి ప్రక్కకు చేరును. అట్లే క్రిందిభాగము రెండవ ప్రక్కకు చేరును. అందువలన వెలుపలకు జరుగునది పైభాగము గాక ఒక ప్రక్క, లోపలికి జరుగునది క్రిందిభాగము గాక రెండవ ప్రక్క యగును. ఇరుసు క్రిందికి వ్రాలుటకు మారుగా ప్రక్కకు మరలును. దీనికి పురస్సరణము అని పేరు. గైరోస్కోపునకు రెండవ సూత్రము ఇది.

దీని వేగమును లెక్కింపవచ్చును. చక్రము బరువు 2 కిలోగ్రాములు, అంచు ఇరుసునకు 30 సెంటీమీటర్ల దూరము, త్రాడు కట్టినచోటు చక్రము నడిమికి 10 సెంటీమీటర్ల దూరము, వేగము సెకనుకు 3 చుట్లు అనుకొందము. అప్పుడు ఇరుసు త్రాడు చుట్టును ఒక ప్రదక్షిణము చేయుటకు సుమారు 11 సెకనులు పట్టును. చక్రము వేగము సగమునకు తగ్గినచో ప్రదక్షిణము అయిదున్నర సెకనులలోనే ముగియును. అనగా భ్రమణబలిమి తగ్గినకొలది తల త్రిప్పుట ఎక్కువగును. వేగము తగ్గిన బొంగరము తూగుచు తల పెద్దగా త్రిప్పి తుదకు పడిపోవుట మనము చూచుచునే యున్నాము.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును సవరింపవలసి యున్నది. సైకిలు పడిపోకుండుటకు చక్రముల భ్రమణమొక్కటియే కారణమని పలువురు చెప్పుదురు. అది పూర్తిగా నిజము కాదు. 1970లో డేవిడ్ జోన్స్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు సైకిలు ముందుచక్రము ప్రక్కన ఎదురు దిశలో తిరుగు మరియొక చక్రమును అమర్చి, భ్రమణబలిమి రద్దగునట్లు చేసి, దానిని త్రొక్కి చూచెను. సైకిలు పడలేదు. త్రొక్కువాని నేర్పు, ముందుచక్రపు అమరిక, బరువు పంపకము కూడ అందుకు తోడ్పడునని తేలినది.

భూమియు ఒక బొంగరమే

మనము నివసించు భూమి అన్నిటికంటె పెద్ద బొంగరము. అది తిరుగుటచే తెనాలి పట్టణము గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగమున తూర్పునకు సాగుచున్నది. మనతోపాటు గాలియు నేలయు సాగుచుండుటచే అది మనకు తెలియదు.

భూమి నడుము కొంచెము ఉబ్బియున్నది. భూమధ్యరేఖ వద్ద వ్యాసము ధ్రువముల వద్దకంటె సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువ. ఈ ఉబ్బును సూర్యచంద్రులు లాగుచుండుటచే, సైకిలు చక్రము వలెనే భూమి యొక్క ఇరుసు కూడ మెల్లగా తల త్రిప్పుచున్నది. ఒక చుట్టు పూర్తియగుటకు సుమారు 26,000 సంవత్సరములు పట్టును. ఒక డిగ్రీ జరుగుటకు సుమారు 72 సంవత్సరములు. దీనికి కారణమును న్యూటను 1687లో వివరించెను.

మన పంచాంగకర్తలు దీనినే అయనాంశమను పేర లెక్కించుచున్నారు. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలు దినము డిసెంబరు 21 లేక 22. కాని మనము మకర సంక్రాంతిని జనవరి 14న గాని 15న గాని చేసికొనుచున్నాము. సుమారు 1,700 సంవత్సరముల క్రిందట ఈ రెండును కలిసియుండెను. భూమి ఇరుసు తల త్రిప్పుటచే నేటికి ఇంత అంతరము ఏర్పడినది. పంచాంగము చేతపట్టుకొను ప్రతి గృహస్థుడును, తెలియకయే, గైరోస్కోపు సూత్రమును వినియోగించుచున్నాడు.

పరికరము పుట్టిన విధము

1817లో జర్మనీ దేశస్థుడగు బోనెన్‌బెర్గర్ ఒక వలయములో మరియొక వలయమును, దానిలో వేరొక వలయమును అమర్చి, నడుమ తిరుగు గుండును నిలిపెను. వెలుపలి చట్రమును ఎటు త్రిప్పినను లోపలి గుండు తన దిక్కును విడువదు. 1852లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లియాన్ ఫూకో ఇట్టి పరికరముతో భూభ్రమణమును చూపబూని, దానికి గైరోస్కోపు అను పేరు పెట్టెను. గ్రీకు భాషయందు ఈ మాటకు భ్రమణమును చూపునది యని అర్థము. అంతకు ముందటి సంవత్సరము అతడు పొడుగైన లోలకముతో అదే విషయమును చూపియుండెను. అట్టి లోలకమును బాపట్లలో వ్రేలాడదీసినచో, అది ఊగు దిశ గంటకు సుమారు 4 డిగ్రీలు మరలును.

ఈ పరికరము మొదట నావికులకు అక్కరకు వచ్చినది. 1611లో గ్లోబ్ అను ఆంగ్లేయ నౌక మన నిజాంపట్టణపు రేవునకు వచ్చినది. ఆ కాలపు నావికులు అయస్కాంతపు సూచిని నమ్ముకొని పయనించుచుండిరి. అవి కఱ్ఱ నౌకలు కాబట్టి చిక్కు తక్కువ. ఇనుప ఓడలు వచ్చిన పిమ్మట ఓడయందలి ఇనుమే సూచిని ప్రక్కకు లాగసాగెను. 20వ శతాబ్ది తొలి దశకములో జర్మనీయందు ఆన్‌షుట్జ్-కేంఫే, పిదప అమెరికాయందు ఎల్మర్ స్పెర్రీ గైరో దిక్సూచిని రూపొందించిరి. తిరుగు చక్రమునకు తగిన విధమున బరువు కట్టినచో, భూభ్రమణము వలన దాని ఇరుసు మెల్లగా మరలి నిజమైన ఉత్తరమును చూచును. అందు అయస్కాంతము లేదు కనుక ఇనుము దానిని మోసగింపజాలదు.

చక్రము లేని గైరోస్కోపు

నేడు సభ్యుల జేబులలోని సెల్‌ఫోనుయందును గైరోస్కోపు కలదు. దానిలో తిరుగు చక్రము లేదు. బియ్యపుగింజకంటె చిన్నదైన సిలికాను తునక ఒకటి ఎడతెగక ముందు వెనుకలకు ఊగుచుండును. ఫోనును త్రిప్పినప్పుడు ఆ తునక ప్రక్కకు తొలగును. ఆ తొలగుటను విద్యుత్తుచే కొలిచి, ఎంత వేగముగ త్రిప్పితిమో లెక్కగట్టును.

ఊగు తునక ఏల ప్రక్కకు తొలగును? తిరుగుచున్న రంగులరాట్నపు పలకపై నడిమినుండి అంచువైపునకు తిన్నగా నడువజూచినవాడు ప్రక్కకు త్రోయబడినట్లు భావించును. దీనినే 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొరియోలి లెక్కగట్టి చూపెను. తిరుగు భూమిపై వీచు గాలికిని ఇదే గతి. మన ఉత్తరార్ధగోళమున గాలి తన దారికి కుడివైపునకు మరలును. కనుకనే బంగాళాఖాతమున వాయుగుండము నడిమివైపునకు పరుగిడు గాలులు తిన్నగా చేరక, గడియారపు ముండ్లకు ఎదురు దిశలో సుడి తిరుగును. తుపానును త్రిప్పు సూత్రమును, ఫోనులోని గైరోస్కోపును నడుపు సూత్రమును ఒక్కటియే.

ఈ సుడివలన మన తీరగ్రామములు మరువరాని విషయమొకటి కలదు. తుపాను సాగు దిక్కునకు అభిముఖముగ నిలిచి చూచినచో, దాని కుడివైపున గాలి సముద్రమునుండి నేలకు వీచును. తుపాను నడకయు ఆ గాలికి తోడగును. ఉప్పెన పోటెత్తునది ఆ వైపుననే. ఎడమవైపున గాలి నేలనుండి సముద్రమునకు వీచును. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపాను చీరాల సమీపమున తీరము దాటినది. కాని దానికి కుడివైపున, అనగా ఈశాన్యముగ, దూరమున నున్న దివిసీమయే ఉప్పెనకు ఎక్కువగా బలియైనది. ఆ విపత్తులో సుమారు 10,000 మంది మరణించిరి. తుపాను మన ఊరిని తాకుటలేదు, చీరాలవైపు పోవుచున్నది అని విని రేపల్లె, నిజాంపట్టణము ప్రాంతములవారు ఊరడిల్లుట తగదు. అట్టి వార్త వారికి మరింత జాగరూకతను బోధింపవలెను.

ఉపగ్రహము చూపు

1977లో మన దేశమునకు స్వంత వాతావరణ ఉపగ్రహము లేదు. 1983లో ప్రయోగింపబడిన ఇన్సాట్-1బి అంతరిక్షమునుండి మేఘములను చూచి చిత్రములు పంపసాగెను. తరువాత 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ శ్రీహరికోటనుండి ప్రయోగింపబడినవి.

ఈ ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. అంత దూరమునుండి చూచు యంత్రనేత్రము ఒక్క డిగ్రీ ప్రక్కకు తొలగినచో, నేలపై చూపు 600 కిలోమీటర్లకు పైగా తప్పును. బాపట్లను చూడవలసినది ఎచ్చటనో సముద్రమును చూచును. కావున ఉపగ్రహము డిగ్రీలో అతి స్వల్పభాగమైనను కదలక నిలువవలెను. ఆకాశములో ఆనుకొనుటకు నేల లేదు, పట్టుకొనుటకు గుంజ లేదు. ఈ పనిని గైరోస్కోపులును, తిరుగు చక్రములును నెరవేర్చును.

గైరోస్కోపు ఉపగ్రహము ఎటు ఎంత మరలినదో కొలిచి తెలుపును. నక్షత్రములను చూచు పరికరములు ఆ కొలతను సరిచూచును. పిదప లోపలనున్న చక్రము వేగమును హెచ్చించుటయో తగ్గించుటయో చేయుదురు. చక్రము ఒక దిశలో వేగము పుంజుకొన్నచో, ఉపగ్రహము ఎదురు దిశలో మెల్లగా మరలును. మొత్తము భ్రమణబలిమి మారదు గనుక చక్రము పొందినది ఉపగ్రహము ఇయ్యవలెను. 1975 ఏప్రిల్ 19న ప్రయోగింపబడిన మన మొదటి ఉపగ్రహము ఆర్యభట ఇంకను సులభమైన పద్ధతిని అవలంబించినది. అది తానే బొంగరమువలె తిరుగుచు నిలిచినది.

పొలముపై డ్రోను

మందు చల్లు డ్రోనును ఇప్పుడు పలు గ్రామములవారు చూచియున్నారు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము నమో డ్రోన్ దీదీ పథకము క్రింద 15,000 మహిళా స్వయంసహాయ సంఘములకు డ్రోనులను ఇచ్చుటకు నిర్ణయించినది. నాలుగు రెక్కల డ్రోనునందు రెండు రెక్కలు ఒక దిశలోను, రెండు ఎదురు దిశలోను తిరుగును. అట్లు చేయనిచో రెక్కలు ఒక వైపునకు, డ్రోను దేహము రెండవ వైపునకు తిరుగును. గాలి తాకి డ్రోను వంగినచో, గైరోస్కోపు ఆ వంపు వేగమును సెకనుకు వందలసార్లు కొలుచును. యంత్రము వెంటనే ఆయా రెక్కల వేగమును మార్చి దానిని నిలువబెట్టును.

ఈ చిన్న గైరోస్కోపునకు ఒక లోపము కలదు. దాని కొలతలో అణుమాత్రము తప్పున్నను, అది క్షణక్షణము చేరి పెద్దదగును. కావున డ్రోనుకు ప్రాణము పోయునప్పుడు దానిని చదునైన నేలపై కదలించక ఉంచవలెను. అప్పుడు అది తన నిలుకడను కొలతకు మూలముగ తీసికొనును. చేతిలో ఊపుచు, గట్టు వాలుపై నుంచి, ఎగురవేయుట ప్రమాదకరము. డ్రోనులోని దిక్సూచి ఇనుముచే దారి తప్పును గనుక రేకుల కప్పులకును, ఇనుప గొట్టములకును, ట్రాన్స్‌ఫార్మరులకును దూరముగ ఎగురవేయవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

మేము వ్రాసిన దానినుండి సభ్యులు ఆచరింపదగిన విషయములు నాలుగు కలవు.

మొదటిది. తుపాను మార్గమును చూపు పటమున నడిమి గీతను మాత్రమే చూడరాదు. దానికి ఇరుప్రక్కల వెడల్పగుచు పోవు ప్రదేశమంతయు తుపాను రాదగిన చోటే. మన గ్రామము దానికి కుడివైపున నున్నదా, ఎడమవైపున నున్నదా అని గుర్తించి, కుడివైపైనచో ఉప్పెనను ఎదుర్కొనుటకు ముందుగనే సిద్ధపడవలెను. పల్లపు ప్రాంతపు కుటుంబములను ఏ భవనమునకు చేర్చవలెనో వానకాలము ముగియకమునుపే పంచాయతీ సమావేశములో నిర్ణయించి యుంచుట మంచిది.

రెండవది. గ్రామములో డ్రోనుతో మందు చల్లించునప్పుడు నడుపువానికి శిక్షణ పత్రము కలదో లేదో అడుగవలెను. 2021 డ్రోను నియమముల ప్రకారము ఆకాశము ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్రాంతములుగ విభజింపబడినది. ఎరుపు ప్రాంతమున కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. సూర్యలంకయందు వైమానిక దళ స్థావరమున్నది గనుక బాపట్ల పరిసర గ్రామములవారు ఈ పటమును తప్పక చూడవలెను.

మూడవది. మందుల మోతాదు, గాలివాటము, పంటదశలను గూర్చి సందేహములు కలిగినచో 1945లో నెలకొల్పబడిన బాపట్ల వ్యవసాయ కళాశాల మనకు చేరువలోనే యున్నది. యంత్రము తిన్నగా ఎగిరినంత మాత్రమున చల్లు మందు సరియైనదని కాదు.

నాలుగవది. పాఠశాలలో సైకిలు చక్రపు ప్రయోగమును చేయించుడు. ఖర్చు ఏమియు లేదు. పాత చక్రము, త్రాడు, దూలము చాలును. పుల్లలలో వ్రేళ్లు పడకుండ చూచుకొనవలెను. పంచాయతీ సభ్యులు కూడ ఆనాడు పాఠశాలకు పోయి చూచినచో పిల్లలకు ఉత్సాహము కలుగును.

బొంగరము తిరుగుచున్నంతసేపు తన దిక్కును విడువదు. ఆ ఒక్క గుణమును అర్థము చేసికొని మానవుడు ఓడకు దారి చూపెను, ఉపగ్రహమునకు చూపు నిలిపెను. ఆ చూపు పంపు హెచ్చరిక తీరమునకు చేరుచున్నది. దానిని నిజాంపట్టణపు చివరి గుడిసె వరకు చేర్చు పని మాత్రము ఏ యంత్రమును చేయజాలదు. అది మన పంచాయతీల పని.